ముప్ఫై నాలుగు నిమిషాల టైలరు

టీ బంకు బెంచీ మీద పాల ప్యాకెట్ పక్కన పెట్టుకుని కూర్చున్న టైలరు, డ్రిల్లు మాస్టారి చేతిలో నోటుపుస్తకం చూడగానే గొంతు సవరించుకున్నాడు. ఆదివారం పక్క వీధి వాళ్ళతో రిలే పందెం. మూడు పేర్లు రాసేశారు మాస్టారు. ఆఖరి పరుగు ఎవరిదో ఇంకా తేలలేదు. మూడేళ్ళుగా అందరి చెప్పులకీ కాపలా కాసిన టైలరుకి, ఈసారైనా ఆ చోటు తనకి దక్కాలని మహా ఆశ.

"అయిదు కిలోమీటర్లు మాస్టారూ! మొదట్లో ముప్ఫై ఎనిమిది నిమిషాలు పట్టేది, దాచుకోవడమెందుకు? ఒక కరెంటు స్తంభం దాకా ఉరుకు, ఇంకో స్తంభం దాకా నెమ్మది. రెండు నెలలు అలా చేస్తే ముప్ఫై నాలుగుకి దిగింది. అదే దారి, అదే వేళ, అవే బూట్లు!"

"పర్లేదే!" అంటూ మాస్టారు పెన్ను మూత తీశారు.

ఆ 'పర్లేదే' టైలరుకి ఏ మూలకీ ఆనలేదు.

"అప్పుడే ఏమైంది? నెల తిరిగేసరికి ఇరవై! పై వారం పన్నెండు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"బస్సుని దాటేశావా?" అన్నాడు పక్కనే టీ తాగుతున్న సైకిల్ మెకానిక్కు.

"దాటడమా? నేను పోయే పోకడ చూసి, తన బస్సు ఆగిపోయిందనుకుని డ్రైవరు దిగి ఇంజను మూత తెరిచాడయ్యా! మలుపులో వెనక్కి చూద్దును కదా, నా నీడ లేదు! రెండు స్తంభాల వెనక నడుం పట్టుకుని రొప్పుతోంది. పాపం, కాసిన్ని నీళ్ళు తాగి నెమ్మదిగా రమ్మన్నాను."

"నీడకి నీళ్ళెవరిచ్చారు?"

"మధ్యలో అడ్డు రాకు! నిన్నటి సంగతి విను. పరుగు ముగించి ఇంటికొస్తే, గుమ్మంలో ఎవడో వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఎవడ్రా అని చూస్తే... నేనే! ఇంకా బయల్దేరనే లేదు! 'ఇక నువ్వెళ్ళక్కర్లేదులే, నేనొచ్చేశా' అని లోపలికి పంపించేశాను."

మెకానిక్కుకి టీ పొలమారింది. అంతలో కర్ర టకటకలాడించుకుంటూ టైలరు మామగారు వచ్చారు.

"ఇక్కడున్నారా అల్లుడుగారూ! పాలకని వచ్చి గంటయింది. రెండు సందులు దాటి రావాలి, అంతే కదా! పొయ్యి మీద టీ నీళ్ళు రెండుసార్లు ఇంకిపోయాయి. ఇక లాభం లేదని మీ అత్తగారు నన్ను తరిమింది."

టైలరు నాలిక్కరుచుకుని ప్యాకెట్ అందుకున్నాడు. అది అప్పటికే వెచ్చబడిపోయింది.

"మీరెప్పుడు బయల్దేరారు పెద్దాయనా?" అడిగారు మాస్టారు.

"అయిదు నిమిషాలైంది బాబూ. మోకాలు నొప్పి, అందుకే ఆలస్యం."

మాస్టారు టైలరు వైపు తిరిగారు. "ఒరేయ్, ఆ ముప్ఫై నాలుగు నిజమేనా?"

"అమ్మతోడు మాస్టారూ, అదొక్కటే నిజం."

"అక్కడ ఆగుంటే ఆఖరి పరుగు నీకే రాసేవాణ్ణి కదరా!" అని నిట్టూర్చి, మాస్టారు పెన్ను పట్టుకుని ముసలాయన్ని అడిగారు.

"పెద్దాయనా, ఆదివారం పొద్దున మీకేమైనా పనుందా?"