కొత్త యంత్రానికి పాల చుక్క

మంగోలియాలోని డార్ఖాన్ నగర పోలీసు ఠాణాలో, 1998 అక్టోబరు నెలలో, విచారణ అధికారి గారి ఎదుట చెప్పినది.

నా పేరు త్సెరెన్‌ఖాండ్, లువ్‌సాన్ కూతురిని. వయసు నలభై తొమ్మిది. వృత్తి ఉన్ని అల్లిక. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు.

ప్రభుత్వ అల్లిక మిల్లు నడిచినన్నాళ్లూ అందులోనే పనిచేశాను. అది మూతపడ్డాక మా షెడ్డు ఆడవాళ్లం చెల్లాచెదురయ్యాం. నా పక్క యంత్రం మీద పనిచేసిన డోల్గోర్ ఇప్పుడు చైనా జోళ్లు తెచ్చి సంతలో అమ్ముతోంది. మిగతావాళ్లు ఎక్కడున్నారో తెలియదు. ఆ షెడ్డును ఒక ప్రైవేటు కంపెనీ కొంది. కంప్యూటరు యంత్రాల మీద శిక్షణ ఇస్తామంటే చేరాను. అందరూ కుర్రకారు, నేనొక్కదాన్నే పెద్దదాన్ని. పాసయ్యాను. మళ్లీ అదే షెడ్డులో, అదే కిటికీ దగ్గర పని ఇచ్చారు. పక్కన మాత్రం ఎవరూ లేరు.

సోమవారం నాకు కొత్త యంత్రం వచ్చింది. కొత్తది వస్తే దానికి పాలు అద్దడం మా పద్ధతి, మీకూ తెలుసు. మిల్లులో అందరం చుట్టూ చేరేవాళ్లం. పెద్దావిడ ఉంగరం వేలితో పాలు అద్ది, చల్లగా నడవాలని దీవించేది. మేమందరం "అలాగే జరగాలి" అనేవాళ్లం. మిగిలిన పాలు తలా ఒక గుక్క తాగేవాళ్లం.

అందుకే ఫ్లాస్కు నిండా పాలు తెచ్చాను. టీ వేళకు మేనేజరు ఎర్డెన్‌బిలెగ్‌ను పిలిచాను.

"తమ్ముడూ, రెండు నిమిషాలు వచ్చి నిలబడు."

"అది యంత్రం అక్కా, దూడపిల్ల కాదు. పని చూసుకోండి," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

అవతలి వరుసలో ఉండే సొలొంగోను పిలిచాను. చెవుల్లో పాటలు పెట్టుకుని ఉంది. "తర్వాత అక్కా," అంది.

ఎవరూ రాలేదు. నేనే గిన్నెలో పాలు పోశాను. నేనే దీవించాను. "అలాగే జరగాలి" అని కూడా నేనే అన్నాను. అలా అన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఒక చేత్తో గిన్నె పట్టుకుని, రెండో చేత్తో కళ్లు తుడుచుకున్నాను. పాత యంత్రాలకు నుదుట అద్దేవాళ్లం, అవి వట్టి ఇనుము. దీనికి నుదుట మీటలున్నాయి, అయినా అలవాటుగా అక్కడే అద్దబోయాను. గిన్నె ఒలికి పాలు మీటల సందుల్లోకి పోయాయి. యంత్రం ఆగిపోయింది. నేను పారిపోలేదు. గుడ్డతో తుడుస్తూ అక్కడే కూర్చున్నాను.

మేనేజరు వచ్చి, "మిల్లు మూసేశారన్న కడుపుమంటతోనే చేశారు కదూ?" అన్నాడు.

"కడుపుమంటైతే నీళ్లు చాలవా తమ్ముడూ, పాలెందుకు తెస్తాను?" అన్నాను.

కావాలని పాడుచేశానని కంపెనీ ఫిర్యాదు ఇచ్చింది. అది నిజమని తేలితే ఇక ఈ ఊళ్లో నన్ను ఎవరూ పనిలో పెట్టుకోరు. నాకు వచ్చిన పని అదొక్కటే.

ఆ సమయంలో పక్కన ఎవరున్నారని మీరు అడిగారు. ఎవరూ లేరు. డోల్గోర్ ఉండి ఉంటే, "అక్కడ కాదే పిచ్చిదానా, దాని కాలికి అద్దు," అని నా చెయ్యి పట్టుకుని ఆపేది.

మీరు స్వాధీనం చేసుకున్న ఫ్లాస్కులో ఉన్నవి అందరికీ పంచడానికి తెచ్చిన పాలు.

నేను చెప్పింది చెప్పినట్టే రాసి, చదివి వినిపించారు. అంతా నిజం. ఎవరి బలవంతమూ లేదు.

సంతకం: లువ్‌సాన్ త్సెరెన్‌ఖాండ్
సాక్షి: ఎవరూ లేరు