మల్లెపాదులో గూటం

మణవాళనగర్‌లో ఫిజిక్స్ మాస్టారుగా రిటైరైన జనార్ధనం ఇంటి పెరడు. ఎండలు ముదరకముందే మేడమీద సున్నం కొట్టి, మల్లెపాదులు తవ్వి కొబ్బరిపీచు పరచాలని భార్యాభర్తలిద్దరూ పొద్దున్నే పనిలోకి దిగారు. పాదులో ఆయన గునపానికి ఇనుము ఖంగుమని తగిలి ఇంకా ఎంతోసేపు కాలేదు.

"తుప్పు పట్టిన కమ్మిని అంతసేపు చూస్తారేందండీ? పారేసి రండి. సున్నం గట్టిపడిపోతా ఉండాది."

"కమ్మి గాదు కన్యకా. గూటం. తలకాయకు ఎర్ర రంగు ఉండాది, చూడు."

"ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీలు ఎవురో పాతింటారు."

"మేస్త్రీలు గూటం మీద 'జ' అని చెక్కరు. ఇది నేను చెక్కింది. బోరు వేసేదానికి ముందు భూమిలోకి కరెంటు పంపి, యాడ తేమ ఉండాదో మీటరుతో కొలిచి, ఇక్కడే నీళ్లని నేను కొట్టిన గూటం."

"దొరికె గదా. మంచిదే. బ్రష్షు యాడ పెట్టినారు?"

"బోరు యాడుండాది?"

"ఇదేం ప్రశ్న? గోడ దగ్గర. రోజూ మోటారు వేసేది మీరే గదా."

"గూటం యాడుండాది?"

"పీచు తడిపినారా లేదా? ఎండు పీచు పరిస్తే లాభం లేదు, ఉన్న తేమ గూడా అదే తాగేస్తాది."

"గూటం యాడుండాది అని అడుగుతా ఉండా."

"మీ చేతిలో."

"నా చేతికి రాకముందు?"

"మల్లెపాదులో."

"అదీ. గూటానికి కాళ్లు లేవు. గోడ దగ్గర్నించి ఇక్కడికి నడిచి రాలేదు. అంటే, నేను కొట్టింది ఇక్కడ. రిగ్ వాడు బోరు వేసింది అక్కడ. మధ్యలో ఏదో జరిగింది. ఆ పొద్దు నేను ఊర్లో లేను. మా అక్కకు ఒళ్లు బాగలేదని వాళ్ల ఊరు పట్టాభిరామ్‌కు పోయినా. తిరిగొచ్చి చూస్తే పెరడంతా బురద. నీళ్లు ఎగజిమ్ముతా ఉండాయి. 'మీరు చెప్పినచోటే పడెనండీ' అన్నావు."

"అన్నానా?"

"అన్నావు. నేను మళ్లీ కొలవలేదు. నీళ్లు పడలేదంటే పదిసార్లు కొలిచేవాణ్ణి. పడినాయి గాబట్టి కొలవలేదు. పిల్లోళ్లకు జన్మంతా వద్దని చెప్పిన తప్పు నేనే చేసినా. అది నా సంగతి. ఇంక నీ సంగతి చెప్పు."

"ముందు మేడ పని అయిపోనీండి. పొద్దెక్కితే కాళ్లు పెట్టలేం."

"తేంగాయవాణ్ణి పిలిపించినావా?"

"ఎవుర్ని?"

"అరచేతిలో టెంకాయ పెట్టుకొని తోటంతా తిరిగి, కాయ నిటారుగా లేస్తే కింద నీళ్లనేవాణ్ణి. మీ తిరుత్తణి పక్క ఊరూరా ఉండారు గదా. నేను పట్టాభిరామ్‌లో దిగేలోపల వాణ్ణి పిలిపించినావా?"

"రామరామ. తేంగాయా లేదు, మాంగాయా లేదు."

"నవ్వద్దు."

"నవ్వలేదండీ."

"కన్యకా, నేను ఇరవై సభల్లో చెప్పినా. మా హేతువాద సంఘం పత్రికలో రాసినా, 'కొబ్బరికాయ లేకుండా పడిన నీళ్లు' అని. తిరుత్తణి కాలేజీ పిల్లోళ్లను బస్సులో పిలుచుకొచ్చి, ఇదే గోడ దగ్గర నిలబెట్టి చెప్పినా. వాళ్లకు మజ్జిగ ఇచ్చింది ఎవురు?"

"నేనే."

"గ్లాసులు పంచుతా, నేను చెప్పేది విని తల ఊపింది ఎవురు?"

"నేనే. ఎండలో వచ్చినారు పావం, మజ్జిగ ఇస్తే తప్పా?"

"మజ్జిగ గురించి గాదు నేను అడిగేది!"

"అరవద్దండీ. గోడ అవతల మురుగేశ్ ఉండాడు."

"ఉండనీ. ఎవురు జరిపినారు?"

"ముందు ఆ బ్రష్షు ఇట్లియ్యండి."

"మీ తమ్ముడా?"

"నేనే. ఇంకొకర్ని ఎందుకు లాగుతారు? నేనే జరిపినా."

"ఎవురు చూపించిన చోటికి?"

"ఎవురూ చూపించలే. చూడండి, మీరు గూటం కొట్టింది సరిగ్గా నా మల్లెచెట్టు మొదట్లో. మా అమ్మ ఇంట్లోనించి కొమ్మ తెచ్చి నాటుకున్నా. అప్పుడప్పుడే చిగురు పెట్టింది. మీరు నేలంతా కొలిచినారు గానీ, దానిమీద చెట్టుండాదని చూడలే. అంతపెద్ద రిగ్ లారీ దానిమీద నిలబడితే ఇంకేముండాది? గూటం పీకి చూసినా, రాలేదు. సుత్తితో లోపలికి కొట్టేసి మన్ను కప్పేసినా. ఇంకో కట్టె తెచ్చి గోడ పక్కన నాటినా. లారీకి గూడా అదే వీలు."

"లారీకి వీలు."

"అవునండీ."

"అంతేనా?"

"అంతే."

"తేంగాయవాడు చెప్పింటే బాగుండె."

"అదేందండీ?"

"వాడితో వాదించేవాణ్ణి. ముప్పై ఏండ్లుగా వాదిస్తా ఉండా. మల్లెచెట్టుతో ఏమని వాదించేది?"

"నీళ్లు పడినాయి గదా. ఇంకేం?"

"ఇంకేమా? నేను కొలిచిన చోట నీళ్లు ఉండాయో లేవో ఎవురికీ తెలీదు. నా లెక్క ఒప్పని రుజువు కాలేదు. తప్పని గూడా కాలేదు. తప్పైతే తప్పని ఒప్పుకొనే రకాన్ని నేను. నువ్వు ఆ రెండు దారులూ మూసి, పైన పూలు పూయించినావు. ఆ పూలే రోజూ తల్లో పెట్టుకొని నా ఎదురుగా తిరిగినావు."

"చెప్పాలనే అనుకున్నా. రైలు దిగి వచ్చినారు. చెప్పులు గూడా విడవకుండా బురదలోకి పరిగెత్తి, దోసిట్లో నీళ్లు పట్టుకొని నిలబడినారు. మన పెండ్లిలో గూడా మీ మొగం అట్ల లేదు. ఎట్ల చెప్పేది?"

"ఆ పొద్దు సరే. మరుసటి పొద్దు?"

"మరుసటి పొద్దు అందరికీ చెప్పేసి వచ్చినారు గదా."

"తర్వాత?"

"తర్వాత తర్వాత అని... అట్లనే పోయె. ఏమండీ, ఒక నల్లపిల్లి ఎదురొస్తే ఆగరాదని నేర్పించిన మనిషి, ఒక గూటం జరిగితే ఇంత కుంగిపోతారా?"

"గూటం జరిగిందని గాదు. ఈ ఇంట్లో నేను చెప్పిన ఒక్క మాటనైనా నువ్వు నమ్ముతావని అనుకున్నా. నమ్మకపోతే, నమ్మలేదని ఎదురుగా చెప్తావని అనుకున్నా."

"నమ్మకం గాదండీ, చెట్టు..."

"చాలు. ఇంక మురుగేశ్ సంగతి. వాళ్ల బోరు మొన్ననే ఎండిపోయె. ముసలి తల్లి బిందె మోసుకొని మన కొళాయికి వస్తా ఉండాది. నన్ను నమ్మి, పోయినవారం నా చేత గూటం కొట్టించుకున్నాడు. రేపు రిగ్ వస్తా ఉండాది. ఒక్కసారి తవ్వించే శక్తే వాడికి లేదు, తప్పితే రెండోసారి యాడికి పోతాడు?"

"సున్నం ఎండిపోయె చూడండి. మళ్లీ కలపాల."

"వాడు నన్ను ఎందుకు నమ్మినాడు? ఈ బోరు చూసి. ఈ బోరు నాది గాదు. వాడికి చెప్పాల."

"ఇప్పుడు పిలవద్దండి."

"ఎందుకు?"

"నేను చెప్తాలేండి. నిదానంగా."

"పదేండ్లు నిదానంగానే చెప్పినావు. మురుగేశా!"

"పిలవద్దండి, నా మాట వినండి. మీకు పుణ్యముంటాది."

"నా పరువు కాపాడేదానికా? పరువు కోసం అబద్ధం చెప్పేవాళ్లనే గదా ఇన్నేండ్లు నేను తిట్టింది. నన్ను నేను వదిలిపెడతానా? మురుగేశా!"

"సార్! ఇదో వస్తా ఉండా. ఏం సార్, పొద్దున్నే తోటపనా?"

"రేపు వచ్చే రిగ్‌ను ఆపు నాయనా. ఫోన్ చెయ్యి."

"ఎందుకు సార్? పూజకు గూడా చెప్పేసినాం."

"నా గూటాన్ని నమ్మి తవ్వించద్దు. మా బోరు నేను చూపించిన చోట పడింది గాదు. మీ కన్యకక్క గూటం జరిపింది. నాకే ఇప్పుడు తెలిసె. ఇన్నేండ్లు నేను చెప్పిందంతా తప్పు. నన్ను క్షమించు."

"అయ్యో, దానికేం సార్. మాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"మురుగేశ్, లోపలికి పో నాయనా. సార్‌కు ఒళ్లు బాగలేదు."

"నాకేం కాలేదు. చెప్పు మురుగేశా. ఏం తెలుసు?"

"ఆ పొద్దు అక్క కట్టె నాటేది మా అమ్మ గోడమీంచి చూసింది సార్. వీధంతా తెలుసు. అక్కది కైరాసి సార్, ఆ చెయ్యి పెట్టినచోట నీళ్లే. మీరు నొచ్చుకుంటారనే, మర్యాదకు ముందు మీ చేత ఒక గూటం కొట్టించుకున్నాం. నిన్న సాయంత్రం అక్కే వచ్చి దాన్ని పీకేసి, తన చేత్తో వేరేచోట నాటి, పసుపు పెట్టి పోయె."