టోపీ మీద నామం

గోదకు ముప్పయ్యేళ్లు. పొద్దున కాఫీ కంటే ముందే గోడ మీది పటాల అద్దాలు తుడవడం అలవాటు. ఆ పొద్దున దేవుళ్ల పటాల మధ్య ఉన్న భర్త పటాన్ని కిందికి దించి, హారతి పళ్లెంతో వచ్చిన అత్త కోమలవల్లి ముందు పెట్టింది.

"మీ కొడుకొస్తే ఏమంటడు, ఏమంటడు... నిన్నటి సంది గిదే లొల్లి! పంతులమ్మ నౌకరీ నాది, ఫికర్ మీ కొడుకుదా? ఇయ్యాళ జవాబియ్యకుంటే ఇంకొకరికిస్తరు అత్తమ్మా.

ఆగుండ్రి. హారతి తర్వాత. ముందు ఇది చూడుండ్రి.

నవాబుగారి మున్షీగ ఓడెక్కి శీమకు పోయిన మనిషి, ఏండ్ల కింద ఉత్తరం ముక్క లేకుండ ఈ ఫోటో ఒక్కటే పంపిండు. మంచుకొండలు, కాళ్లకు పొడుగాటి చెక్కలు, చేతుల కర్రలు, కండ్లకు నల్లద్దాలు. మొహం సగం కనపడదు. అయినా 'నా మురళీధరే' అన్నరు మీరు. కార్వాన్ల ఫోటోల దుకాణం విశ్వేశ్వర్ భాయ్‌తోని పెద్దగ చేయించి, రంగులేయించి, ఆ ఉన్ని టోపీ మీద తిరునామం గూడ పెట్టిస్తిరి!

మోకాళ్లు చూడుండ్రి. రెండూ వంగినయి. మీ కొడుక్కు ఎడమ మోకాలు వంగుతదా? కాలు చాపుకొనే తింటడని బంతిల చివర్న కూసుండబెట్టేటోళ్లం కదా!

ఏంది? శీమ డాక్టర్లు బాగు చేసుంటరా?

సరే. మరి కింద మంచు మీద ఈ నీడ ఎవరిది? ఫోటో తీసే మనిషిది. పైకెత్తిన మోచేతులు, పక్కకు చాపిన ఎడమ కాలు. మీ కొడుకు గక్కడున్నడు.

చెక్కల మీదున్నదెవరంటరా? భుజం మీద ఎర్ర మఫ్లర్ ఉంది కదా, దాని కొస చూడుండ్రి. మూడు పాయలు. అది జడ! విశ్వేశ్వర్ భాయ్ మఫ్లర్ అనుకొని రంగేసిండు. ఎంత మంచిగ నవ్వుతున్నదో, ఆ నీడ దిక్కు చూసి.

ఏడ్వకుండ్రి. నేనేడుస్తున్ననా? నాకేం అయితలేదు, నిజంగ. రోజూ తుడిచి తుడిచి నా దుఃఖమంతా అరిగిపోయింది. ఇగ నౌకరీకి ఎవరినడగాలె, చెప్పుండ్రి. ఈ జడనా?

పటం ఎక్కడిదక్కడ పెడత. మీరు హారతియ్యుండ్రి. పాపం, ఆమెకు చలి పెడుతుంటది."

ఆ రోజే గోద మొఘల్‌పురా ఆడపిల్లల బడిలో చేరింది. పటాల అద్దాలు మళ్లీ తుడవలేదు.