కంపెనీ పబ్బువాని దాహం

ఇంగ్లండులో యార్క్‌షైర్ కొండల నడుమ ఒక చిన్న ఊరు. వాన పడుతున్న ఆదివారం, చర్చి ప్రార్థన ముగిసిన మధ్యాహ్నం. ఏ బీరు కంపెనీకీ కట్టుబడని ఒక పాత పబ్బులో, కారుతున్న కప్పు కింద యజమానురాలు బకెట్టు పెడుతున్నది. ఎదురువీధిలో కంపెనీవారి పబ్బును నడిపే ఆమె మరిది ఒక గ్లాసు పోయించుకొని కూర్చున్నాడు.

"కప్పు బాగానే కారుతోంది వదినా."

"బీరులో నీళ్లు కలపడానికి నాకు దేవుడు సాయం చేస్తున్నాడయ్యా. మీకైతే కంపెనీ ఉంది."

"వెటకారం చాలుగానీ మా కంపెనీవాళ్లు పంపిన ఒప్పందం మీద సంతకం పెట్టు. కొత్త కప్పు వాళ్లే వేయిస్తారు."

"వేయించి?"

"ఇకమీదట వాళ్ల బీరే అమ్మాలి. అంతే."

"అంతేనా? గ్లాసులు మాత్రం నన్నే తుడుచుకోనిస్తారా?"

"నన్ను చూడు. చీకూచింతా లేదు."

"రోజూ చూస్తూనే ఉన్నా, ఇక్కడే. మీ పబ్బులో బీరు అయిపోయిందేమిటి?"

"అయిపోదు. అదే బాధ."

ఆమె నవ్వలేదు. బకెట్టు నిండింది.

"ఈ చలికాలం గడిచేలా లేదయ్యా. నిజం చెప్పు, సంతకం పెట్టేయనా?"

తన గ్లాసులోని, లోయ అవతలి రైతు దంపతులు కాచి పంపిన నల్లని బీరును అతడు ఆఖరి చుక్కదాకా తాగాడు.

"ఎల్లుండి నిచ్చెన తెచ్చి నేనే కప్పు వేస్తాలే వదినా. నువ్వూ ఆ కంపెనీ బీరే పోస్తే నేనెక్కడికి పోయి తాగను?"