కుంగిన రాయిని దాచని బాలశౌరి గారు

శ్రీ బాలశౌరి గారు 1943 జూలై 5వ తేదీన చల్లపల్లిలో, నీటిపారుదల శాఖలో చైన్‌మన్‌గా ఉద్యోగ జీవితం ప్రారంభించారు. కాలువ గట్ల మీద గొలుసు పట్టి కొలుస్తూనే ఎత్తులు కొలిచే లెవెల్ యంత్రం చూడటం అభ్యసించి, 1957లో సర్వేయరుగా పదోన్నతి పొందారు.

కృష్ణా సాగరతీరాన అణువిద్యుత్ కేంద్రం నిర్మించాలన్న ప్రతిపాదన పరిశీలనకై, 1970లో బెంజ్ సర్కిల్ దగ్గర అద్దె ఇంట్లో మన కార్యాలయం తెరిచినప్పుడు వారు ఇక్కడికి వచ్చారు. ఎంపికైన స్థలంలో, జాలరిపల్లె పక్కన, స్వయంగా ఒక కొలతరాయి పాతించారు. నేల ఎత్తు, సముద్రపు పోటు ఎత్తు, సమస్తమూ ఆ రాయి నుంచే లెక్క. మూడేళ్ల కొలతలు పూర్తయి నివేదిక సిద్ధమైంది, సంతకాలే మిగిలాయి.

చివరి పర్యటనలో, రావమ్మ అనే జాలరి గృహిణి ఇచ్చిన మంచినీళ్లు తాగుతూ, "రాయిని భద్రంగా చూసుకున్నారమ్మా" అని వారు మెచ్చుకున్నారట.

"చూసుకోపోతే ఎట్టాగండీ, సర్కారు రాయి గదా! ఏటా బురదలోకి దిగిపోతంటే, గంగమ్మ జాతరకి పైకి లాగి, కింద నత్తగుల్ల పోసి, పసుపు రాసి నిలబెడతన్నాం" అన్నదామె.

మూడేళ్ల కొలతలూ కదిలే రాయి మీద తీసినవే! దూరంగా గట్టినేల మీదున్న పాత రాయితో ఏటేటా సరిచూడవలసిందీ, చూడనిదీ తామేనని బాలశౌరి గారు గ్రహించారు.

నివేదిక ఆపాలని వారు పట్టుబట్టగా, అప్పటి ఇంజనీరు వెంకటకృష్ణారావు గారు నచ్చజెప్పారు. "రాయి దిగిన నాలుగంగుళాల కోసం ప్రాజెక్టంతా ఆపుతారా బాలశౌరి గారూ? మీ ప్రమోషన్ కాగితం నా బల్ల మీదుంది."

"రాయే నిలవలేదండీ. అంత బరువు కేంద్రం ఎట్టా నిలుస్తదండీ?"

తప్పు తమదేనని రాసి సంతకం చేశారు. ప్రమోషన్ ఆగింది. "రాయిని లాగడానికి రావమ్మ ఉంది. ఆఫీసు మూతపడితే మమ్మల్నెవరు లాగుతారు గురువుగారూ?" అని సహోద్యోగులు దెప్పారు. నేలను లోతుగా తొలిచి చూడగా, అడుగున ఎంత లోతుకు పోయినా మెత్తటి బురదే. 1974లో ప్రభుత్వం వారు ఆ స్థలాన్ని విడిచిపెట్టి, గట్టినేల వెదికే పనిని మన కార్యాలయానికే అప్పగించారు.

ఆ ఏడే టైపిస్టుగా చేరిన నేను ఆ తుది నివేదిక టైపు చేశాను. "లోపమును కనుగొన్నదీ, అంగీకరించినదీ సర్వేయరు బాలశౌరి" అన్న వాక్యం నా చేతిమీదుగా పోయినందుకు నాకెంతో సంతోషం. అందులోని పటాలు గీసినాయనతో పోయిన నెల ఉయ్యూరులో నా పెళ్లయింది. ఆ నేల గట్టిదై ఉంటే మనకీ పెళ్లే లేదు కదా అని మావారు రోజూ నవ్విస్తున్నారు.

ఆగిన ప్రమోషన్ పదవీ విరమణ దాకా రానేలేదు. బాలశౌరి గారు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పుడు వారు చల్లపల్లిలో సొంత ఇల్లు కట్టుకుంటున్నారు. మా పెళ్లికి వచ్చిన వారి సతీమణి అమలమ్మ గారు నాతో వాపోయారు. "పునాది ఇంకా తవ్విస్తానే ఉన్నారమ్మా! బావి ఎప్పుడు పూర్తవుద్దని ఊళ్లోవాళ్లు అడుగుతున్నారు."

ఆ పునాది త్వరగా ముగిసి, ఆ ఇంట ఆ దంపతులు సంపూర్ణ ఆరోగ్యంతో నూరేళ్లు సుఖంగా ఉండాలని కార్యాలయ సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను.