నలభై రెండో ముసుగు మనిషి

కాదండీ తౌనో గారూ, ఇప్పుడు చూసి చెప్పండి, నాది దొంగముఖంలా ఉందా? టోపీ లేదు, ముసుగు లేదు, ఆ మాటకొస్తే ఒంటిమీద నూలుపోగు లేదు. ఈ సౌనా ఆవిరిగదిలో చెమటలు కక్కుతూ కూర్చున్నవాడి కంటే నిజాయితీపరుడు ఈ ఫిన్లాండులో ఇంకెవడుంటాడు?

తెలుసండీ, తెలుసు. సౌనాలో పనిమాటలు ఎత్తకూడదు. మా నాన్నయితే ఈపాటికి నన్ను మంచులోకి గెంటేసేవాడు. కానీ ఏం చెయ్యను? మెట్లమీద ఎదురుపడితే తలూపి వెళ్ళిపోతారు. ఆఫీసుకి ఫోన్ చేస్తే మీటింగంటారు. మన బిల్డింగు సౌనాలో ఈ శుక్రవారం మగవాళ్ళ వంతులో తప్ప మీరు నాకు దొరకరు. ఇక్కణ్ణించి పారిపోవాలన్నా ముందు తువ్వాలు వెతుక్కోవాలి కదా!

ఇవాళ్టి మీ పేపరు గురించే. మొదటి పేజీలో ఏముంది? "హార్మా ఎక్స్ఛేంజ్ మూత, జనం డబ్బు లోపలే." సరే, వార్తే. నిన్న మూతపడింది, ఇవాళ వేశారు. తప్పులేదు. మరి దాని పక్కన ఏముంది? నేను! ముసుగేసుకుని, నోట్లోంచి పొగలు కక్కుతూ, నేను! కింద పెద్దక్షరాల్లో, "నేలమాళిగలో నాణేల మిల్లు. కరెంటు ఎవరిది?"

హార్మాకీ నాకూ ఏం సంబంధమండీ? అది జనం క్రిప్టో నాణేలు కొనుక్కుని దాచుకునే చోటు. నేను మన బిల్డింగు కింద అయిదు కంప్యూటర్ మిషన్లు పెట్టుకుని నా బిట్‌కాయిన్ నేను తవ్వుకునేవాణ్ణి. బ్యాంకుకి కన్నం పడితే, ఆ వార్త పక్కన పార పట్టుకున్న తోటమాలి ఫోటో వేస్తారా?

పైగా కరెంటు ఎవరిదట! నాదండీ. నా సొంత మీటరు, నా సొంత బిల్లు. మీ విలేకరి సానెల్మ ఆ సంగతి రాసింది కూడా. ఎక్కడ? పదకొండో పేజీలో, చివరి పేరాలో, మంచు టైర్ల ప్రకటనకి సరిగ్గా పైన. ప్రశ్నేమో మొదటి పేజీలో, జవాబేమో పదకొండులో! మధ్యలో ఎంతమంది జారిపోతారో నాకంటే మీకే బాగా తెలుసు. ఆర్థికం పేజీల ఎడిటరు మీరు. హెడ్డింగు పెట్టిందీ మీరే కదూ?

ముసుగు సంగతా? ఆఁ, అది... కోటుకి కుట్టి ఉన్న ముసుగే, బయట మైనస్ పదిహేడండీ! వెలుతురు బాగుంటుందని ఆ అమ్మాయే బయటికి తీసుకెళ్ళింది. ఆ చలిలో ముసుగేసుకున్నవాడల్లా దొంగే అయితే ముందు మన వీధి చివర పసిపిల్లల బడిని జైలుకి తరలించాలి. "వెర్నెరీ, కొంచెం పక్కకి చూడు" అంది. చూశాను. "ఊపిరి గట్టిగా వదులు" అంది. వదిలాను. వార్తల్లో కొత్త తరం వ్యాపారవేత్తలా పడతానని లోపల్లోపల మురిసిపోయాను కూడా. పడ్డాను! బాగా పడ్డాను!

నవ్వండి, నవ్వండి. ఇంకొకడికి జరిగితే నేనూ నవ్వేవాణ్ణే. ఏడాదిగా మీకు ఉత్తరాలు రాసిందెవరు? నేనే. మీ పేపర్లో క్రిప్టో మీద వచ్చిన వార్తలు అరవై. అందులో కంప్యూటర్ దొంగలా ముసుగు మనిషి బొమ్మ వేసినవి నలభై ఒకటి. వందకి అరవై ఎనిమిది! ధర పడితే మొదటి పేజీ, లేస్తే సంతాప ప్రకటనల పక్కన. పట్టికలు గీసి, రంగులు వేసి మరీ పంపాను. మీకూ విసుగెత్తి, పోనీ ఇతన్నే ఓసారి కదిలించి రమ్మని సానెల్మని పంపారు. చివరికి ఏమైంది? నలభై రెండో ముసుగు మనిషి నేనే! నా పట్టికలోకి నన్నే ఎక్కించుకోవాలిప్పుడు.

కాస్త ఆ రాళ్ళమీద నీళ్ళు పొయ్యండి. చాలు, చాలు! పగ తీర్చుకున్నట్టు పోస్తారేంటండీ!

అసలు బాధ ఫోటో కాదు లెండి. సోమవారం. బిల్డింగు అసోసియేషన్ మీటింగు. నా మిషన్లు ఉంచాలా, పీకెయ్యాలా అని అందరూ చేతులెత్తుతారు. అధ్యక్షులు మీరు. మొన్నటిదాకా నాకు భయం లేదు. ఎందుకంటే ఆ మిషన్ల వేడి గొట్టంలోంచి పోయేది బట్టలారేసే గదికే కదా. అవి వచ్చాక ఈ బిల్డింగులో తడి దుప్పటి అన్నమాట వినపడిందా? మొదటి అంతస్తు ఐలి గారైతే ఆ గదిలోనే కుర్చీ వేసుకుని మేజోళ్ళు అల్లుకునేవారు. "ఒరేయ్, నీ డబ్బాలు పిల్లిపిల్లల్లా గుర్రుమంటున్నాయిరా, వదిలి వెళ్ళబుద్ధి కావట్లేదు" అనేవారు. నాకో జత అల్లిచ్చారు కూడా. బయట బెంచీ కింద ఉన్న ఎర్రచారలవి, అవే.

మరి ఇవాళ పొద్దున? ఐలి గారు ఆరని దుప్పట్లు బుట్టలో కుక్కుకుని మెట్లెక్కుతున్నారు. మెట్లనిండా నీళ్ళు. "అయ్యో, ఇంకా తడిగానే ఉన్నాయండీ" అన్నాను. "నీ వేడి నాకొద్దు బాబూ" అన్నారు. బాబూ అన్నారండీ! ఎప్పుడూ నోరారా ఒరేయ్ అని పిలిచే మనిషి! చూశారా మీ మొదటి పేజీ మహిమ? ఎనభై దాటిన పెద్దావిడ మనసుని ఒక్క ఫోటోతో...

ఏమిటి?

ఆవిడ మీ పేపరు చూడలేదా? ఎందుకు చూడలేదు, ఇంటికొస్తుందిగా... మానేశారా? ఎప్పుడు? క్రిస్మస్‌కా? ఎందుకట?

ఓ. నేను చెప్పానని.

అనే ఉంటాను లెండి. ఆ గదిలో కబుర్లు చెప్పుకుంటూ అన్నాను. "ఆ పేపరుకి డబ్బు దండగ ఐలి గారూ, క్రిప్టో పేరు వింటే విషం కక్కుతారు. నేను ఈమెయిల్లో పంపే వారం లేఖ చదవండి, పైసా ఖర్చులేదు" అని. తొమ్మిది వందల మంది చదువుతారండీ నా లేఖ! ఆవిడ లైబ్రరీకి వెళ్ళి పెద్దక్షరాల్లో ప్రింటు తీయించుకుని మరీ చదివేవారు.

ఏముంటుందంటే, లెక్కలుంటాయి. విశ్లేషణ ఉంటుంది. నాణేలున్నవాడు నాణేల గురించి రాయకూడదని మీ పేపర్లో ఏదో నియమం ఉందటగా, అలాంటివి ఉండవు. అదేం నియమమండీ అసలు? ఈత రానివాళ్ళనే ఏరికోరి సరస్సు గురించి రాయమన్నట్టు! సానెల్మ నా మిషన్ల ముందు నిలబడి, "నాణెం బయటికి ఎటువైపు నుంచి పడుతుంది?" అనడిగింది. నిజం, నవ్వకండి. ఎక్కడ పడుతుందో వెతికింది కూడా!

నా లేఖలో చెడ్డవార్తలు ఎన్నా?

లెక్కపెట్టలేదు. మీవే లెక్కపెట్టాను.

అబ్బ, ఏం వేడండీ ఇవాళ. ఉంటాయి, ఒకటో రెండో... సరే. లేవు. ఒక్కటీ లేదు. ముసుగు మనిషీ లేడు. ప్రతివారం ఒకటే బొమ్మ. కొండమీద సూర్యోదయం, చేతులు చాపి నిలబడ్డ అమ్మాయి. మీకు ముసుగు, నాకు సూర్యోదయం. మీరు వందకి అరవై ఎనిమిది దగ్గరే ఆగారు. నేను వందకి వంద.

ఐలి గారు మీకు చెప్పేశారన్నమాట, హార్మాలో డబ్బు పెట్టినట్టు. వేసవి కుటీరం పైకప్పు కోసం దాచుకున్నది. తెలుసు. ఖాతా తెరిచిపెట్టింది నేనే. ఆవిడ వేలు ఎండిపోయి ఫోను తెర పలికేది కాదు. ఇలా ఇవ్వండి అని నేనే నొక్కాను.

మొన్న మంగళవారం మీరు నాలుగో పేజీలో చిన్న ముక్క వేశారు, గుర్తుందా? "హార్మా నుంచి డబ్బు వెనక్కి రావడంలో ఆలస్యం." బొమ్మ కూడా లేదు దానికి. బుధవారం నా లేఖ వెళ్ళింది. "మళ్ళీ భయపెడుతున్నారు" అని హెడ్డింగు. చూశారా, హెడ్డింగులు నాకూ వచ్చు. ఆ సాయంత్రమే ఐలి గారు సూదులు ఒళ్ళో పెట్టుకుని అడిగారు, "తీసేసుకోమంటావా ఒరేయ్?" అని. "పేపర్లవాళ్ళ మాట మీకెందుకండీ" అన్నాను. నిన్న మూసేశారు.

తౌనో గారూ, ఇంకొంచెం నీళ్ళు పొయ్యండి. ఇంకా. ఆవిరి దట్టంగా రానివ్వండి, మీ ముఖం నాకు కనపడకుండా.

మంగళవారం ఆ ముక్క నేను చదివాను. చదివి, కాఫీ చల్లారేలోపు హార్మాలో నాదంతా తీసేసుకున్నాను. నాకు మాత్రం ఆలస్యం కాలేదు, మధ్యాహ్నానికల్లా చేతికొచ్చేసింది. ఏడాదిపాటు అబద్ధాలకోరని తిట్టిన పేపరుని, బొమ్మ కూడా లేని నాలుగు వరుసలు చూసి నమ్మేశాను. అంత నమ్మకస్తుడైన పాఠకుడు మీ చందాదారుల్లో కూడా ఉండడు. ఆ తర్వాత కూర్చుని లేఖ రాశాను.

ఎందుకంటే ఏం చెప్పను? "ఈసారి పేపరు చెప్పింది నిజం" అని తొమ్మిది వందల మందికి రాయాలంటే వేళ్ళు కదల్లేదు. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే నాకూ బాగుండేది.

నేను తీసుకున్నది ఆవిడకి ఇచ్చెయ్యమంటారా? ఇస్తానండీ. పొద్దున్నే వెళ్ళి తలుపు కొడతాను. నా వేడికి దుప్పటి ఆరేసుకోనన్న మనిషి నా చేతి డబ్బు పుచ్చుకుంటారా? చూద్దాం. ముందైతే బయటికెళ్ళి ఆ మేజోళ్ళు తొడుక్కోవాలి. మైనస్ పదిహేడు, తప్పదు.

సోమవారం మీ ఇష్టం, ఎటు చెయ్యెత్తినా నేనేమీ అనను. రేపు సానెల్మని ఓసారి పంపండి. ఇదంతా చెప్తాను. జవాబు మొదటి పేజీలోనే వెయ్యండి, టైర్ల దగ్గరకి తోసెయ్యకండి. ఫోటోనా? కొత్తదెందుకండీ, ఉన్నదే వేసుకోండి. ఆ ముసుగుదే. దాన్ని మాత్రం నా పట్టికలో ఎక్కించను లెండి. అరవై ఒక్క వార్తల్లో సరిగ్గా సరిపోయిన బొమ్మ అదొక్కటే.