ఆరు రోజుల ఆలస్యం

ఆరు రోజులు, ఆరు రోజులు! పొద్దుట్నుంచి అదే పాట మీది. సెయింట్ పాల్‌లోని రాష్ట్ర ఆఫీసు నుంచి ఇంత మంచులో కారేసుకుని తనిఖీకి వచ్చింది ఇది లెక్కపెట్టడానికా మేడమ్? మనిషి మా ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్ వదిలి వెళ్ళిన పద్నాలుగు రోజుల్లో ఆఖరి పరీక్ష కాగితం పూర్తి కావాలి. హాల్వర్ నిగార్డ్‌ది ఇరవయ్యో రోజున అయింది. సరే, రాసుకోండి. ఎర్ర పెన్ను తెచ్చుకున్నదే అందుకు కదా.

ఏమంటారు? కారణమా? అబ్బో, మీ ఫారంలో కారణానికి గడి కూడా ఉందా?

ఇరవై రెండేళ్ళుగా ఈ కుర్చీలో నాది ఇదే పని. మంచం మీంచి తనంతట లేస్తాడా, పది అడుగులు నడుస్తాడా, ఆఖరి మూడు రోజులూ చూసి రాయాలి. ఎవరు చూస్తారండీ? తొంభై మంచాలకి నేనొక్కదాన్ని. కిందటిసారి కాగితం తెరవడం, ఉన్నదున్నట్టు దించేయడం, తేదీ మార్చడం. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. మీకు కావలసిందీ అదేగా.

హాల్వర్‌దీ అలాగే దించాను. ‘తనంతట నడుస్తాడు.’ ఇక కంప్యూటర్లో పూర్తయిందని నొక్కబోతూ కిటికీలోంచి చూశాను. ఇద్దరు పట్టుకుని, బంగాళాదుంపల బస్తాలా కార్లోకి ఎక్కిస్తున్నారాయన్ని.

చెయ్యి ఆగిపోయింది. ఆ పూటే ఫోన్ చేసి వాళ్ళింటికి నర్సుని పంపించాను. తర్వాత మూడు షిఫ్టుల ఆయాల వెంటా పడ్డాను, నిజంగా ఎలా లేచేవాడు, ఎవరు పట్టుకునేవారు అని. ఒకత్తె సెలవు, ఒకత్తె పని మానేసింది. ఇరవై రోజులు పట్టింది. మీ ముందున్న దొంతరలో నిజమున్న కాగితం అదొక్కటే. దానికే తప్పు పట్టారు. భేషు.

ఈసారే ఎందుకు ఆగానంటారా?

ఆ పై కాగితం తీయండి. వెర్నా టోలెఫ్‌సన్, జనవరి. వెళ్ళిన రోజే పూర్తి. పక్కన టిక్కు పెట్టారు, చూశాను. ‘తనంతట నడుస్తుంది’ అని రాసింది నేనే. ఆవిడ మొహమైనా చూడకుండా రాశాను. నడిచే మనిషికి నర్సెందుకని మావాళ్ళు ఇంటికి ఎవర్నీ పంపలేదు. మూడో రోజున స్నానాల గదిలో పడింది. చర్చికి రాలేదేమని మర్నాడు పక్కింటివాళ్ళు వెళ్ళి చూసేసరికి పోయింది.

ఇది ఎవరికీ చెప్పలేదు, మీకే చెప్తున్నాను. ఇప్పుడు ఆ టిక్కు తీసేస్తారా?

తీయరు. గడువులోనే ఉందిగా. సరేలెండి, ఆ ఆరు రోజులకి సంతకం ఎక్కడ పెట్టమంటారు?